మా ఆడబిడ్డ కట్టిన మూటలు

మా ఆడబిడ్డ పోయిన సంగతి నాకు ఫోనులో తెలిసింది. పొద్దున ఏడు గంటలకు పక్కింట్లోంచే ఆమె కూతురు ఫోను చేసి, "అత్తా, అమ్మ లేవడంలేదు" అన్నది. "ఎనిమిదికి ముందు ఎప్పుడు లేచింది గనక మీ అమ్మ" అన్నాను నేను. అవతల పిల్ల ఏడ్చింది. అప్పుడు అర్థమైంది. అరవై ఆరేళ్ళ మనిషి మీద నేను విసిరిన ఆఖరి చురక అది. నలభై ఏళ్ళలో నా మాటకు ఆమె దగ్గర్నుంచి బదులు రాకపోవడం అదే మొదలు.

ఆడబిడ్డ అంటే మా ఆయన చెల్లెలు. మార్కాపురంలో వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని. ఆమె ఊళ్ళోనే ఒక ట్రస్టు ఆస్పత్రిలో రికార్డు గుమాస్తాగా చేరి, ఆ ఆస్పత్రి కంప్యూటరు గదికి పెద్దగా రిటైరైంది. సమాధి కార్యక్రమం రోజు గేటు ముందు కట్టిన ఫ్లెక్సీ మీద "నిరంతర సేవామూర్తి" అని వేయించారు. ఆమె చూసి ఉంటే, "ఈ ముక్క పోయినోళ్ళందరికీ వేస్తరు గదా వదినా, ఒక్కచోట రాసుకొని మిగతాచోట్ల డిట్టో పెడితే సరిపోయె" అనేది. ఆ మాటలో నవ్వు ఎక్కడుందో మీకు తెలియాలంటే ఆమె చేసిన పని ఏమిటో ముందు చెప్పాలి. ఆమె సంతాప సభలో మాట్లాడిన నలుగురిలో ఒక్కరికీ అది తెలియదు. "కంప్యూటర్లో ఆమెకు మంచి పట్టు ఉండేది" అని ముగించారు. వంటావిడ పోతే గరిటె మీద మంచి పట్టు ఉండేది అన్నట్టు ఉంది.

ఆస్పత్రికి వచ్చిన ప్రతి మనిషి పేరు, ఊరు, జబ్బు, చేసిన పరీక్ష, రాసిన మందు, ఇవన్నీ ఒక పెద్ద రిజిస్టరులా కంప్యూటర్లో ఉంటాయి. దాన్ని డేటాబేస్ అంటారు. ఆ యంత్రం ఏదో ఒకరోజు చెడుతుంది కాబట్టి రోజూ ఆ రిజిస్టరుకు ఒక నకలు తీసి వేరేచోట దాచాలి. అది బ్యాకప్పు. నకలు కొండంత ఉంటుంది, దాచే డిస్కు పిడికెడు ఉంటుంది. అందుకని ఆ నకలును నొక్కి చిన్నది చేస్తారు. ఇంజనీర్లు కంప్రెషన్ అంటారు. మా ఆడబిడ్డ "మూట కట్టడం" అనేది. "ఈ పూట మూట కట్టి వస్తా, నువ్వు చారు పెట్టు వదినా" అనేది, సంతకు పోయే మనిషిలాగా.

మొదట్లో నేను నమ్మలేదు. నొక్కితే లోపలివి నలగవా అని అడిగాను.

"నలగవు. మీ బడి రిజిస్టర్లు గుర్తున్నయ్యా? 'త్రిపురాంతకం' అని పైన ఒకసారి రాసి, కింద ముప్పై వరుసల్లో రెండేసి గీతలు పెట్టేటోళ్ళు గదా మీ టీచర్లు. అదే ఇది. అంతకంటే ఏం లేదు."

"ఆ గీతలు పెట్టినందుకు నేను మెమోలు ఇచ్చినా."

"అందుకే మీ బీరువాలు చాల్లేదు."

ముప్పై ఏళ్ళు పిల్లలకు సారాంశం రాయడం నేర్పిన దాన్ని నేను. పది పేజీల పాఠాన్ని పది వరుసలకు కుదించడం మా వృత్తిలోనూ ఉందని, దానికి కరెంటు కూడా అక్కర్లేదని చెప్పాను. ఆమె గోడ మీద మోచేతులు ఆనించి, ఓపిగ్గా, ఫెయిలైన పిల్లకు చెప్పినట్టు చెప్పింది. "నీ పది వరుసలు చేతికిస్తే ఆ పది పేజీలు మళ్ళీ రాసిచ్చే మొగోడు ఎవడన్నా ఉన్నాడా? నీది పిండిన నిమ్మకాయ వదినా. నాది మడిచిన చీర. విప్పితే అంచుతో సహా వస్తది."  దానికి జవాబు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

చీర మాట ఊరికే వచ్చింది కాదు. సర్దడంలో ఆమెకు పేరు. ఎండాకాలం చర్చి సంఘం కూటాలకు మూడు రోజులు పోవాల్సి వస్తే, రెండిళ్ళ ఆరుగురి బట్టలూ ఒకే పెట్టెలో పట్టించేది. చీర మడతల్లో తువ్వాళ్ళు, తువ్వాళ్ళలో పిల్లల గౌన్లు, గౌన్ల మధ్య సబ్బుపెట్టె. మా ఆయన ఎక్కి కూర్చుంటే గానీ మూత పడేది కాదు. అందరూ మెచ్చుకునేవాళ్ళు. అక్కడికి చేరాక దువ్వెన కావాల్సి వచ్చేది. దువ్వెన అడుగున ఉండేది. ఆరుగురి బట్టలూ చాప మీదికి రావాల్సిందే. తల దువ్వుకునేసరికి మొదటి ప్రసంగం అయిపోయేది. "సర్దినప్పుడు చప్పట్లు కొట్టినోళ్ళు ఇప్పుడొచ్చి దువ్వెన వెతకండి" అని నేను అరిచేదాన్ని. ఆమె నవ్వేది. ఆ దువ్వెన సంగతి ఆమె అప్పుడే కొంచెం లోతుగా ఆలోచించి ఉంటే, పన్నెండేళ్ళ కిందట జరిగింది జరిగేది కాదు.

ఆ ఏడు ఆస్పత్రి వాళ్ళు కాగితాలు మానేసి అంతా కంప్యూటరే అన్నారు. ల్యాబులో చేత్తో రాసే పుస్తకం కూడా తీసేశారు. రిజిస్టరు పెరిగింది, డిస్కు నిండింది. కొత్త డిస్కు కావాలని ఆమె అడిగితే మేనేజరు, "వచ్చే ఏడు చూద్దాం మేడమ్, ఉన్నదాంట్లోనే సర్దండి" అన్నాడు. సర్దండి! పెట్టె మీద మొగుణ్ణి కాదు, అన్ననే కూర్చోబెట్టి మూత వేయించిన మనిషితో ఆ మాట అనొచ్చునా? ఆమెకు పంతం వచ్చింది. అప్పటిదాకా ఆమె ఇరవై నిమిషాల్లో అయిపోయే మామూలు మూట కట్టేది. ఆ ప్రోగ్రాములో అన్నిటికంటే గట్టి బిగింపు ఒకటి ఉందట. అది పెట్టింది. మూట మునుపటిలో సగం కంటే చిన్నగా వచ్చింది. కాకపోతే కట్టడానికి నాలుగు గంటలు. సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టి, అది దాని పని చేసుకుంటుంటే ఈమె ఇంటికొచ్చేది. చోటు మిగలాలని పాత మూటలు తీసేసి, ఎప్పటికప్పుడు కొత్తది ఒక్కటే ఉంచేది.

ఎండాకాలం వచ్చింది. మీకు తెలుసు కదా, మన వైపు ఎండాకాలం అంటే సాయంత్రం కరెంటు కోత. ఆస్పత్రి ఇన్వర్టరు రెండు గంటలు లాగేది. మూట నాలుగు గంటలది. నడిమధ్యలో యంత్రం ఆరిపోయేది. పొద్దున ఈమె వెళ్ళి చూస్తే ఫైలు ఉండేది. పేరు సరిగ్గానే ఉండేది, తేదీ సరిగ్గానే ఉండేది. సైజు ఇంకా చిన్నగా ఉండేది. దానికి ఆమె సంబరపడింది. "ఎంత చిన్నగా వస్తుందో చూడు వదినా, మేనేజరు ముఖాన కొడతా" అని నాతో అన్నది. సగం కోసుకుపోయిన మూట చిన్నగా రాక పెద్దగా వస్తుందా? ఆ ప్రశ్న ఆమెకూ తట్టలేదు, పెద్ద చదువుల దాన్ని నాకూ తట్టలేదు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం అసలు యంత్రం లోపలి డిస్కు చచ్చింది.

ఆ రోజు ఆమె చెప్పులు కూడా విప్పకుండా మా వంటింట్లోకి వచ్చి కింద కూర్చుంది. "వదినా, మూట విప్పితే తెరుచుకోవడంలా. ఐదుసార్లు చూసినా. ఏం లేదు." నేను నీళ్ళిచ్చి, తెగిపోయింది చివర సగమే కదా, మొదటి సగమైనా రావాలి కదా అన్నాను. తల అడ్డంగా ఊపింది. "గట్టి మూటతో అదే గదా తంటా. ఏ డిట్టో ఏ మాటకు పెట్టినామో చెప్పే చీటీ చివర ఉంటది. అది లేకపోతే మిగతాదంతా గీతలే. ఏ గీత త్రిపురాంతకమో, ఏ గీత జరమో ఎవరికి తెలుసు?"

ఇంట్లో ఆమె దాచిన సీడీ ఒకటి ఉంది. అది జనవరిది. మూడు నెలల మనుషులు పోయారు.

మేనేజరు తల పట్టుకున్నాడు. ఆస్పత్రి డాక్టరమ్మ మాత్రం ఒక్కటే మాట అన్నదట. "రికార్డులు మళ్ళీ రాసుకోవచ్చు. నాకు ఒక్క మనిషి కావాలి." మార్చిలో చూపించుకున్న ఒక గర్భిణికి రక్తం గ్రూపు నెగటివ్ అని తేలింది. అలాంటి తల్లికి ఏడో నెలలో ఒక సూది పడాలి, కాన్పయ్యాక ఇంకోటి పడాలి. లేకపోతే ఆ తర్వాత పుట్టే బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది. కాన్పులో రక్తం పోతే ఆ జాతి రక్తం మన ఊళ్ళలో అప్పటికప్పుడు దొరకదు, ఇచ్చే మనిషిని ముందే చూసిపెట్టుకోవాలి. ఆ అమ్మాయికి అప్పుడు ఏడో నెల నడుస్తోంది. డాక్టరమ్మకు గుర్తున్నదల్లా పేరు మరియమ్మ అని, తొలి కాన్పు అని, వెలిగండ్ల వైపు అని. ఫోన్ నంబరు, ఊరు, ఇంటిపేరు అన్నీ ఆ తెరుచుకోని మూటలో ఉన్నాయి.

మన పడమటి ఊళ్ళలో ఊరికొక మరియమ్మ ఉంటుంది, వాళ్ళలో ఒకరిని వెతకమనడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా?

మర్నాడు పొద్దున్నే ఆమె సంచీ తగిలించుకొని మా గుమ్మంలో నిలబడింది. "నువ్వూ రావాల వదినా. నీ దగ్గర చదివి ఫెయిలైనోళ్ళు ఊరికొకరు ఉంటరు." అది నిజం. నేను వెళ్ళాను. కనిగిరి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి వెలిగండ్ల వైపు ఇంకోటి. దారంతా ఆమె డాక్టరమ్మకు గుర్తున్న ఆ మూడు ముక్కలే కాగితం మీద మళ్ళీ మళ్ళీ రాసుకుంది. 

మొదటి ఊరి పాస్టరు నా దగ్గర తెలుగులో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడే. నన్ను చూసి ఇంకా భయపడ్డాడు. మైకులో చెప్పించాం. ఈ మూడు నెలల్లో మార్కాపురం ఆస్పత్రికి పోయినవాళ్ళు చీటీలు పట్టుకొని చర్చి అరుగు దగ్గరికి రండి అని. అరగంటలో అరుగు నిండింది. అప్పుడు చూశాను నేను, మన జనం దాచుకునే పద్ధతి. బట్టల దుకాణం కవర్లో పెట్టి, ఆ కవరును ఇంకో కవర్లో పెట్టి, దాన్ని దూలానికి వేలాడదీసిన చీటీలు. బైబిల్లో కీర్తనల దగ్గర గుర్తుగా పెట్టిన చీటీలు. ఒక పెద్దాయన తన ఛాతీ ఎక్స్‌రేను కిటికీకి అద్దంలా బిగించుకున్నాడు. "బాగానే ఉంది గదా మేడమ్, వాన రావడంలా" అన్నాడు. మా ఆడబిడ్డ ఆ కిటికీ ముందు నిలబడి తేదీ, నంబరు రాసుకుంది.

అడిగిన మరుక్షణం ప్రతి కవరూ తెరుచుకుంది. ఆమె రాస్తూ రాస్తూ కలం ఆపి, "చూసినవా వదినా. ఒక్కటి కూడా బిగించలే. ఒక్కటి కూడా పోలే" అన్నది. ఆ గొంతులో నాకు మొదటిసారి ఏడుపు వినిపించింది. "ఎక్స్‌రే నీళ్ళు కారకుండా కాస్తోంది, నీ మూట ఆ పని కూడా చేయలా" అన్నాను. ఏడుపు ఆపడానికి నాకు తెలిసిన మందు అదొక్కటే. పనిచేసింది. మోచేత్తో పొడిచింది.

మూడు రోజుల్లో ముగ్గురు మరియమ్మలు దొరికారు. మొదటావిడకు అరవై దాటాయి. "కడుపుతో ఉండావా అమ్మా?" అని మా ఆడబిడ్డ అలవాటుగా అడిగేసింది. ఆ ముసలమ్మ మమ్మల్ని వీధి మలుపు దాకా తిడుతూ సాగనంపింది. తిట్లు మంచి తెలుగులో ఉన్నాయి, నాకు బాధ కలగలేదు. రెండో మరియమ్మ గర్భిణే. చీటీ మీద పాజిటివ్. మూడో మరియమ్మ ఇంటికి తాళం. పక్కింటావిడ చెప్పింది: "మొగుడూ పెళ్ళాం పామూరు దిక్కు పోయినారు, పొగాకు పనికి. ఏ షెడ్డో తెలవదు. కాన్పుకు వస్తదో రాదో."

పామూరు చుట్టుపక్కల పొగాకు షెడ్లు ఎన్నని? నాలుగో రోజు ఎండలో ఒక్కొక్క షెడ్డూ తిరిగాం. లోపల ఆడవాళ్ళు వరుసలుగా కూర్చొని ఆకును రంగును బట్టి వేరు చేస్తుంటారు. ఘాటుకు కళ్ళలో నీళ్ళు. ప్రతిచోటా మా ఆడబిడ్డ గుమ్మంలో నిలబడి, "మరియమ్మ ఉందా?" అని అరిచేది. ప్రతిచోటా ఇద్దరు ముగ్గురు తలలెత్తేవాళ్ళు. నాలుగో షెడ్డులో మాత్రం ఎవరో ఎదురు అడిగారు. "ఏ మరియమ్మ? వీఐపీ మరియమ్మనా?"

షెడ్డంతా నవ్వింది. మూలనుంచి బొద్దుగా ఉన్న ఒక చిన్నది, నిండు కడుపుతో, కొంగుతో మూతి మూసుకొని నవ్వుతూ లేచింది. "ఏంది మేడమ్?"

"వీఐపీ ఏందమ్మా?" అన్నది మా ఆడబిడ్డ.

పక్కనున్న ఆవిడ అందుకుంది. "దాని రక్తం వీఐపీ రక్తమంట. మాబోటోళ్ళకి ఉండేది కాదంట. డాక్టరమ్మ చెప్పిందంట. వచ్చినకాడ్నుంచి ఇదే పాట, మా పానాలు తీస్తాంది."

"నాది అందరిట్ల కాదన్నది గదా," మరియమ్మ సిగ్గుపడింది. "వెయ్యి మందిలో వెతకాలన్నది."

చీటీ ఉందా అంటే, రొంటినుంచి అగ్గిపెట్టె తీసింది. అందులో చీటీ. ఎనిమిది మడతలో పదహారు మడతలో, ఉసిరిగింజంత చేసి పెట్టింది. మా ఆడబిడ్డ బయటికి ఎండలోకి తెచ్చి ఒక్కొక్క మడతా విప్పింది. చెమటకు, ఒరిపిడికి మడతలు పడినచోటల్లా అక్షరాలు చెదిరిపోయాయి. పేరు సగం ఉంది, ఊరు పోయింది. రక్తం గ్రూపు దగ్గర ఓ అని ఉంది. పక్కన ఉండాల్సిన, నెగటివ్ అని చెప్పే అడ్డగీత సరిగ్గా మడత మీద పడింది. కాగితం అక్కడ చిల్లు. ఇంత గీత. దానికోసమే మేము నాలుగు రోజులు తిరిగింది.

ఆమె ఆ చిల్లులోంచి కాసేపు చూసింది. తర్వాత మరియమ్మ రెండు చేతులూ పట్టుకొని, "నువ్వు వీఐపీవే తల్లీ, పద, కారు లేదు గాని బస్సు ఉంది" అన్నది.

సూది సకాలంలో పడింది. రక్తం ఇచ్చే మనిషిని గిద్దలూరులో చూసిపెట్టారు. ఆ అవసరం రాలేదు. ఆడపిల్ల పుట్టింది, మూడు రోజుల్లోపు రెండో సూదీ పడింది. ఆ తర్వాత ఒక మగపిల్లాడు, వాడూ క్షేమం. మొన్న సమాధి దగ్గర మట్టి వేయడానికి మరియమ్మ వచ్చింది. ఏడుస్తూ కూడా నవ్వుముఖమే.

పామూరు నుంచి వచ్చిన మర్నాడే మా ఆడబిడ్డ సిబ్బంది అందరి ముందూ నిలబడి, తప్పు తనదేనని చెప్పింది. కరెంటుదనలేదు, మేనేజరుదనలేదు. "కట్టినా, విప్పి చూడలే" అన్నది. మేనేజరు సిగ్గుపడి ఆ వారమే కొత్త డిస్కు తెప్పించాడు. అదే పని జనవరిలో చేసి ఉంటే నా మోకాళ్ళు మిగిలేవి.

అప్పటినుంచి ఆమె పద్ధతి మారింది. నడుస్తున్న వారం మూట వదులుగా కట్టేది. చోటు ఎక్కువ తింటుంది, కానీ అవసరమైతే ఇరవై నిమిషాల్లో విప్పుకోవచ్చు. ఏళ్ళ నాటి పాతవి మాత్రం గట్టిగా బిగించేది, వాటికోసం ఎవరూ పరుగెత్తుకుంటూ రారు కాబట్టి. అదీ కరెంటు పోని ఆదివారం పగలు. నెలకొక మూట విడిగా, ఒకటి చెడితే ఇంకోటి చెడకుండా. ఎక్స్‌రే బొమ్మల జోలికి పోయేది కాదు. "అవి ముందే పిండి ఆరేసిన బట్టలు వదినా, మెలితిప్పితే మన చెయ్యి నొప్పి తప్ప చుక్క రాదు." చోటు చూసుకుంటే సమయం పోతుంది, సమయం చూసుకుంటే చోటు పోతుంది, రెండూ కావాలంటే యంత్రం మూలుగుతుంది. మూడిట్లో ఏది ఎప్పుడు వదులుకోవాలో తెలియడమే తన ఉద్యోగం అనేది. కట్టేది మన వీలు కోసం, విప్పేది వాళ్ళ అవసరం కోసం, అని కూడా అనేది. కంప్యూటర్ గది తలుపు మీద ఏదైనా రాయించమంటే అది రాయించమన్నాను. తలుపు మీద రాస్తే ఎవరూ చదవరన్నది.

తర్వాత హైదరాబాదు నుంచి సాఫ్ట్‌వేరు అబ్బాయి ఒకడు వచ్చాడు. అంతా దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లలో పెడదాం, గరిష్ఠంగా కుదిద్దాం, చాలా ఆదా అన్నాడు. మా ఆడబిడ్డ అంతా విని, "బాగుంది నాయనా. మా ఊరి ఇంటర్నెట్టుతో అది తిరిగొచ్చి తెరుచుకునేదానికి ఎంతసేపు?" అని అడిగింది. ఆరు గంటలన్నాడు. "ఆరు గంటల్లో మా డాక్టరమ్మ ముగ్గురికి కాన్పు చేస్తది. పెట్టు, వద్దనలే. అది ఇల్లు తగలబడితే పనికొస్తది. పొద్దుటి పనికి నా మూట నాకు ఉండనీ." అబ్బాయి రెండు రోజుల్లో పోవాల్సినవాడు వారం ఉండి, ఆమె దగ్గర పని చూసి పోయాడు. మా చారు కూడా నచ్చిందన్నాడు. ఆ చారు నాది.

నెలలో మొదటి శనివారం ఆమె ఒక మూల ఉన్న పాత కంప్యూటరులో కొత్త మూటను నిజంగా విప్పేది. విప్పి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ కవరు అడిగి, కాగితం మీద ఉన్నదీ తెర మీద ఉన్నదీ ఒకటేనా అని చూసేది. సరిపోతే పుస్తకంలో "తెరుచుకుంది" అని ఒక్క మాట రాసేది. రిటైరయ్యాక కూడా ఆ శనివారం మానలేదు. ఆదివారం చర్చికి ఆలస్యంగా వెళ్ళిన రోజులు నాకు తెలుసు. శనివారానికి ఆలస్యం లేదు.

ఆమె పోయాక వచ్చిన మొదటి శనివారం, ఇప్పుడు ఆ గదిలో పనిచేసే ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, నాకు ఫోను చేసింది. "టీచరమ్మా, ఒక్కదాన్నే విప్పాలంటే చెయ్యి రావడంలా. మీ కవరు తీసుకొని రారాదా" అన్నది. వెళ్ళాను. ఆ మూట మా ఆడబిడ్డ చెప్పిన పద్ధతిలో కట్టిందే. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. నేను నా కవర్లోంచి చదువుతుంటే ఆవిడ తెర మీద చూస్తూ పోయింది. పేరు సరిపోయింది. వయసు సరిపోయింది, దురదృష్టవశాత్తు. బీపీ, మందులు, అన్నీ సరిపోయాయి.

"ఇంకో గడి ఉంది, అది కాగితం మీద ఉండదులే" అన్నది ఆవిడ, కొంచెం తడబడుతూ.

ఏం గడి అన్నాను. ముగ్గురు మరియమ్మల మధ్య తిరిగి వచ్చాక మా ఆడబిడ్డ ప్రతి మనిషి వరుస చివరా ఒక గడి కలిపిందట. పేరూ ఊరూ పోయినా మనిషిని ఎట్లా గుర్తుపట్టాలి, ఆ మనిషి దగ్గర ఏం మర్చిపోకూడదు అన్నది అందులో రాసేదట. నాతో ఎప్పుడూ అనలేదు. ఆవిడ పైనుంచి కొన్ని చూపించింది. ఒక తాత దగ్గర: "ఎడమ చెవి వినపడదు. కుడిపక్క నిలబడాలి." చక్కెర జబ్బు ఉన్న ఒకావిడ దగ్గర: "అన్నం తిన్నానంటది. తినదు. మళ్ళీ అడగాలి." మరియమ్మ దగ్గర: "నొప్పి వచ్చినా నవ్వుతది. నమ్మొద్దు."

నాది చూపించమన్నాను. ఆవిడ పక్కకు జరిగింది.

"టీచరమ్మ. సూదంటే భయం, ఒప్పుకోదు. బడి సంగతి అడిగి, చెప్తుండగా వేయాలి."

కళ్ళజోడు తుడుచుకొని రెండోసారి చదివాను. పదేళ్ళుగా ఆ ఆస్పత్రిలో ఏ నర్సు నా దగ్గరికి వచ్చినా, పాతదైనా కొత్తదైనా, నా బడి గురించి అడుగుతుంది. ఈ కాలం పిల్లలకు చదువంటే ఇంత ఆసక్తి ఉందే అని నేను మురిసిపోయాను. ఇద్దరు ముగ్గురు బంధువులతో గొప్పగా చెప్పాను కూడా.

"తీసేయమంటారా?" అని అడిగింది ఆవిడ.

"అది కూడా సరిపోయిందని రాయి" అన్నాను. ఆవిడ పుస్తకంలో "తెరుచుకుంది" అని రాసింది.

పోయిన వారం బీ పన్నెండు సూదికి వెళ్ళాను. కొత్త నర్సు, నేనెప్పుడూ చూడలేదు. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకొని వచ్చి, చాలా అమాయకంగా ముఖం పెట్టి, "టీచరమ్మా, మీ బడిలో పిల్లలు పరీక్షల్లో భలే భలే రాసేటోళ్ళంట గదా, ఒకటి చెప్పరా?" అన్నది. నేను కిటికీ వైపు తిరిగి, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, "గిద్దలూరు పిల్ల ఒకతి ఉండేది" అని మొదలుపెట్టాను.